బాక్సుతో పాత వీడియో గేమ్‌లు కొంటే "కంప్లీట్" అని దేన్ననాలె? మన దిక్కు ఎండకు, ముసురుకు ఆ కాగితాలు ఎట్ల ఆగుతయి?

మిర్యాలగూడ_ప్లేయర్2

అన్నలందరికీ నమస్తే. ఇన్నాళ్లు ఉత్త కార్ట్రిడ్జ్‌లు, ఉత్త డిస్కులే జమ చేస్తున్న. ఇగ బాక్సు, మాన్యువల్, మ్యాపు, పోస్టరు అన్నీ ఉన్న సెట్లకు మారుదామనుకుంటున్న. కానీ అమ్మేటోళ్లు ప్రతిదానికీ "ఫుల్ కంప్లీట్" అనే రాస్తున్నరు. దాని లెక్క ఎట్ల తేల్చుకోవాలో అర్థం కావట్లేదు.

ఇప్పుడు బేరంల మూడున్నయి. నెస్ (నింటెండో వాళ్ల పాత కన్సోల్) గేము స్టార్‌ట్రాపిక్స్, ఇది అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకునుడు. ప్లేస్టేషన్ 1 మెటల్ గేర్ సాలిడ్, పాల్ (యూరప్ దిక్కు) ముద్రణ. పీఎస్2 జీటీఏ శాన్ ఆండ్రియాస్. ఒక్కో దాంట్ల ఏమేముండాలె? ఫొటోలు చూసి అసలుదా, తర్వాత ప్రింటు కొట్టిందా అని ఎట్ల పట్టుకోవాలె? ఇంకోటి, మా గది పైఅంతస్తుల ఉంది, నెత్తి మీద స్లాబే. ఎండాకాలం కూలర్ నడుస్తది. అట్లాంటి గదిల ఈ కాగితాలు పెట్టొచ్చా?

పాలమూరు_కార్ట్రిడ్జ్

తమ్మీ, అమ్మేటోని మాట పక్కన పెట్టు. ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన రోజు ఆ డబ్బాల ఏమేమున్నయో అవన్నీ ఉంటేనే కంప్లీట్. ఆ లెక్క గేముకు గేముకు మారుతది. ఒకటే గేములో కూడా దేశానికో తీరు, మొదటి ముద్రణకో తీరు, తర్వాతి చౌక ముద్రణకో తీరు ఉంటది. అందుకే బేరం మొదలుపెట్టే ముందే కాగితం మీద జాబితా రాసుకో. గేము పేరు, దేశం, సంవత్సరం, కోడ్ నంబరు, లోపల ఉండాల్సిన వస్తువులు రాసి, ఫొటోల్ల కనపడ్డదానికి టిక్కు పెట్టుకుంట పో.

నెస్ బాక్సుకు మామూలు లెక్క ఇది: అట్ట డబ్బా, కార్ట్రిడ్జ్ కదలకుండ లోపల పెట్టిన థర్మకోల్ దిమ్మ, కార్ట్రిడ్జ్‌కు తొడిగే నల్ల తొడుగు, మాన్యువల్, ఆపైన పోస్టరో ప్రచారపు కాగితమో. థర్మకోల్ దిమ్మను అందరు పారేస్తరు, అందుకే ముందు దాన్నే అడుగు. సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్ బాయ్ అయితే దిమ్మ జాగల కార్ట్రిడ్జ్ కూర్చునే ట్రే ఉంటది. ఆ ట్రే లేకుంటే డబ్బా లోపలికి నొక్కుకుపోయి మూలలు చితుకుతయి.

స్టార్‌ట్రాపిక్స్ (1990) సంగతి వేరే. దాంట్ల హీరో మైక్‌కు వాళ్ల చిన్నాయన డాక్టర్ జోన్స్ రాసినట్టు ఒక ఉత్తరం పెట్టిండ్రు. ఆట నడుమల జలాంతర్గామికి ఒక ఫ్రీక్వెన్సీ కొట్టాల్సొస్తది. అది తెల్వాలంటే ఆ కాగితాన్ని నిజంగనే నీళ్లల్ల ముంచాలె, ముంచితే 747 అని తేలుతది. కాబట్టి ఇప్పుడు దొరికే సెట్లు మూడు రకాలు: ఉత్తరం లేనివి, ముంచినవి, ముంచనివి. ముంచింది కూడా అసలు కాగితమే కనుక సెట్టు కంప్లీటే, కాకపోతే ధర తగ్గాలె. ముంచలేదు అంటే నమ్మి ఊరుకోవద్దు. ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, పక్క నుంచి లైటు కొట్టి ఫొటో తీయమను. నీళ్లు తాగిన కాగితం ఎంత ఆరినా ఆ వెలుతుర్ల అలలు అలలుగ కనపడతది. కోడ్ ఎట్లనూ తెలిసిందే, నువ్వు మాత్రం దాన్ని నీళ్లల్ల పెట్టకు.

మెటల్ గేర్ సాలిడ్ (1998) కూడా ఇట్లాంటిదే. ఆటల మెరిల్ అనే పాత్రను రేడియోల కాంటాక్టు చేయాలంటే ఫ్రీక్వెన్సీ కోసం "సీడీ కేసు వెనక చూడు" అని ఆటలనే చెప్తరు. కేసు వెనక ఉన్న బొమ్మల్ల 140.15 ఉంటది. 2000ల్ల మన దగ్గర కవర్ల పెట్టి అమ్మిన డూప్లికేటు డిస్కులు కొన్నోళ్లు అక్కడే ఇరుక్కున్నరు. ఈ గేముకు వెనక కాగితమే ఆటల భాగం, అది జిరాక్సు అయితే సెట్టు విలువ సగం పోయినట్టే. డిస్కులు రెండు, రెండూ ఒకే ముద్రణవి ఉండాలె. ఒకటి పాల్, ఇంకోటి అమెరికాది కలిపి అమ్ముతరు. కోడ్ చూస్తే తెలిసిపోతది: పాల్ అయితే ఎస్‌ఎల్‌ఈఎస్ లేకుంటే ఎస్‌సీఈఎస్, అమెరికా అయితే ఎస్‌ఎల్‌యూఎస్ లేకుంటే ఎస్‌సీయూఎస్, జపాన్ అయితే ఎస్‌ఎల్‌పీఎస్, ఎస్‌ఎల్‌పీఎం లేకుంటే ఎస్‌సీపీఎస్. పీఎస్1 అసలు డిస్కు అడుగు నల్లగ ఉంటది. నల్ల రంగు ఖాళీ సీడీలు కూడా మార్కెట్ల ఉండె, అందుకే నలుపు ఒక్కటే చూసి ఆగకు. డిస్కు మీద ముద్ర, నడుమ వలయంల చెక్కిన అక్షరాలు కూడా దగ్గర్నుంచి ఫొటో అడుగు.

శాన్ ఆండ్రియాస్ (2004) పీఎస్2 మొదటి ముద్రణల కేసు, కవరు కాగితం, డిస్కు, టూరిస్టు గైడు తీరుగ చేసిన మందపాటి మాన్యువల్, మడత మ్యాపు పోస్టరు ఉండాలె. ఆ మ్యాపును గోడకు అంటించినోళ్లే ఎక్కువ. నాలుగు మూలలు, మడతలు కలిసే నడిమి చోట్లు దగ్గర్నుంచి చూడు. టేపు మరక, గుండుసూది బొక్క, మడత కూడలిల చిరుగు, ఈ మూడు అక్కడే దొరుకుతయి. ప్లాటినమ్ (తర్వాతి చౌక) ముద్రణ అయితే దాని జాబితా వేరే రాసుకో, మొదటి ముద్రణ మ్యాపు తెచ్చి దాంట్ల పెట్టి అమ్మితే అది కంప్లీట్ కాదు.

మాన్యువల్‌కు ఒక లెక్క ఎప్పుడూ పని చేస్తది. నడుమ పిన్ను కొట్టిన పుస్తకంల అట్టతో కలిపి పేజీలు 4తో భాగం పోవాలె. 30 వచ్చిందంటే ఒక ఆకు చిరిగిపోయినట్టు. మొత్తం లెక్క సరిపోయి కూడా నడిమి జంట ఆకు ఊడి పోయి ఉండొచ్చు, ఎందుకంటే పిన్నుల దగ్గర ముందు వదులయ్యేది అదే. పుస్తకాన్ని సరిగ్గ నడుమకు తెరిచి, పేజీ నంబర్లు, రెండు పిన్నులు కనపడేట్టు ఫొటో అడుగు.

అసలు ముద్రణనా కాదా అనేది చేతికొచ్చినంక భూతద్దంతో తేలుతది. కంసాలి వాడే 10 రెట్ల అద్దం చాలు. అసలు డబ్బాలు ఆఫ్‌సెట్ ప్రెస్సుల కొట్టినయి. బొమ్మల్ల రంగు చుక్కలు ఒక వరుసల, చిన్న చిన్న పూల తీరుగ పేర్చినట్టుంటయి. నల్ల అక్షరాలు, బార్‌కోడ్ గీతలు మాత్రం చుక్కలు లేకుండ నిండు నలుపు, అంచు కోసినట్టుంటది. ఇంక్‌జెట్ల తీసిందైతే చుక్కలు చిందరవందర, నల్ల అక్షరంల కూడా ఎర్ర, నీలం చుక్కలు తేలుతయి. ముందుగాల బార్‌కోడే చూడు, తొందరగ దొరికిపోయేది అక్కడ.

కార్ట్రిడ్జ్ ఖరీదైందైతే విప్పి లోపలి బోర్డు ఫొటో అడుగు. నింటెండో కార్ట్రిడ్జ్ స్క్రూలకు 3.8 మిల్లీమీటర్ల బిట్టు కావాలె. 4.5 బిట్టు పెద్ద కన్సోళ్లది, దీనికి పట్టదు. సూపర్ నింటెండో బోర్డు మీద చిప్పు జాగల నల్ల లక్క ముద్ద లాంటిది పోసి ఉంటే వదిలెయ్. ఫ్యామికామ్‌ల (నెస్‌కు జపాన్ రూపం) అట్ల కాదు, కొన్ని అసలు వాటిల్ల కూడా ఆ ముద్ద ఉంటది.

దేవరకొండ_60పిన్

పైన అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతున్న. స్టార్‌ట్రాపిక్స్ ఆడుదామనుకుంటే ముందే చూసుకో. మన ఊర్లల్ల 90లల్ల నడిచిన లిటిల్ మాస్టర్ లాంటి సెట్లు ఫ్యామికామ్ పద్ధతివి, 60 పిన్నులు. నెస్ కార్ట్రిడ్జ్‌కు 72 పిన్నులు. నడుమల 72 నుంచి 60కి మార్చే అడాప్టర్ లేకుంటే లోపలికే పోదు, బలవంతంగ నొక్కితే స్లాటు రేకులు వంగుతయి. ఈ గేము జపాన్ల రాలేదు కాబట్టి 60 పిన్నుల అసలు కార్ట్రిడ్జ్ అనేది లేదు. ఎవరన్న పాత స్టాకు అని చూపిస్తే అది కాపీ అని తెలుసుకో.

స్టార్‌ట్రాపిక్స్ కార్ట్రిడ్జ్‌ల సేవ్ కోసం బ్యాటరీ ఉంటది, సీఆర్2032. ఇన్నేండ్లకు అది అయిపోయి ఉండొచ్చు, అది లోపం కింద లెక్క కాదు. మీటరు పెడితే 3 వోల్టుల దగ్గర ఉండాలె. మార్చేటప్పుడు కాళ్లు అతికి వచ్చే రకం బ్యాటరీ కొను. ఉత్త బిళ్ల మీద నేరుగ టంకం పెడితే వేడికి పగిలే ప్రమాదముంది. ప్లస్, మైనస్ బోర్డు మీద రాసే ఉంటయి, పాతది తీసే ముందు ఫొటో తీసుకో. టేపు చుట్టి నడిపిస్తే కొన్ని రోజులకు జారుతది, సేవ్ పోతది.

ఇంకో మాట. మొదలుపెట్టేటోళ్లు దూరదేశాల వాటికే పోవాల్నని లేదు. హనుమాన్: బాయ్ వారియర్ అని పీఎస్2కు 2009ల వచ్చింది, హైదరాబాద్ అరోనా టెక్నాలజీస్ చేసింది. మన గడ్డ మీద తయారైన గేము. కేసు, కవరు, పుస్తకం, డిస్కు అన్నీ మంచిగున్న ప్రతి దొరికితే ఇప్పుడే తీసి దాచిపెట్టాలె. మనం దాచకుంటే ఎవరు దాస్తరు?

సూర్యాపేట_కాగితం

గది గురించి అడిగారు కదా, నేను ఆ ఒక్కదాని మీదే రాస్తాను. ప్లాస్టిక్ ఎట్లాగో బతుకుతుంది, పోయేది కాగితమే.

నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. స్లాబు కింద సజ్జ మీద రాత్రి కూడా వేడి దిగదు. ఆ వేడికి డబ్బా అంచుల జిగురు ఎండి పెళుసై విడిపోతుంది, రబ్బరు బ్యాండు కరిగి అట్టకు అంటుకుంటుంది, సెలో టేపు పసుపు మరక వదులుతుంది. ష్రింక్ చుట్టిన డబ్బాలుంటే ఆ కవరు బిగుసుకుని అట్టను వంచేస్తుంది. కాబట్టి సజ్జ వద్దు, పడమటి గోడకు ఆనించిన బీరువా వద్దు. కింది అంతస్తులో, లోపలి గోడ పక్కన, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో పెట్టండి. నేల మీదే పెడితే చెదలు.

వేడి కంటే పెద్ద చిక్కు కూలర్. బయట గాలి పొడిగా ఉన్న నెలల్లో మనం తలుపులు మూసి, గదిలోకి నీటి ఆవిరి పంపిస్తాం. కూలర్ నడిచినంత సేపు తేమ 70 శాతం దాటుతుంది, ఆపగానే పడిపోతుంది. రోజూ ఇట్లా ఎక్కుతూ దిగుతూ ఉంటే మాన్యువల్ కాగితం ఉబ్బి, కుంచించుకుని అలలు తిరుగుతుంది. పిన్నులకు తుప్పు పట్టి, చుట్టూ గోధుమ రంగు వలయం వస్తుంది. అందుకే చాలామంది వానాకాలం అనుకునే నష్టం మన దిక్కు నిజానికి ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. కూలర్ ఉన్న గదిలో తెరిచిన అరల మీద బాక్సులు పెట్టకండి. వేరే గది లేకపోతే రబ్బరు అంచు ఉన్న, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి.

50 లీటర్ల డబ్బాకు 200 నుంచి 250 గ్రాముల సిలికా జెల్ చాలు. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో కనపడుతుంది. నారింజ రంగుది ఆకుపచ్చగా మారితే తేమ నిండినట్టు. ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది, అంతకంటే వేడి పెడితే రంగు మాడిపోతుంది. డబ్బా లోపల తేమ 40 నుంచి 55 మధ్య ఉండాలి. ఇంకా ఆరిపోతే మంచిదనుకోవద్దు, మరీ పొడిబారితే మడతల దగ్గర కాగితం పుటుక్కున తెగుతుంది. ముప్పై అయిదుకు దిగితే సగం సిలికా తీసేయండి.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు తప్పకుండా పెట్టండి, కానీ చౌక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపిస్తాయి. పరీక్ష సులువు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా తడిసేంత నీళ్లు కలపాలి, ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును ఒక జిప్ కవర్లో పెట్టి మూసి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు 7 తక్కువ చెబుతోందని దాని వెనకే రాసి పెట్టుకోండి.

డాంబర్ గోలీలు మాత్రం వేయకండి. చీరల బీరువా అలవాటుతో వీటి మధ్య కూడా వేస్తారు. ఆ ఆవిరి పాలీస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది. సీడీ కేసులు పాలీస్టైరినే, నెస్ డబ్బాలో ఉండే థర్మకోల్ కూడా పాలీస్టైరినే. కేసు మసకబారి జిగటగా తయారవుతుంది, వాసన కాగితానికి పట్టి ఏళ్ల తరబడి పోదు. పురుగు రాకూడదంటే డబ్బా మూత గట్టిగా ఉండాలి, తేమ తక్కువుండాలి, అంతే.

బాక్సుకు పైన తొడిగే పారదర్శక డబ్బా పీఈటీది కొనండి. కాగితాలకు పాలీప్రొపిలీన్ కవర్లు. స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి పీవీసీ ఫోల్డర్లు వద్దు, కొన్నేళ్లకు అందులోంచి నూనె లాంటిది ఊరి, ముద్రణ కవరుకు అంటుకుని ఊడొస్తుంది. జిరాక్సు సెంటర్లో మ్యాపు చూసి లామినేషన్ చేద్దామంటారు, వినకండి. ఆ జిగురు మళ్లీ ఊడి రాదు.

కిటికీ ఎండ నేరుగా పడే చోట వెన్నులు కనపడేలా పేర్చితే ఎరుపు, పసుపు ముందు పోతాయి, మిగిలేది నీలం. వెన్ను నీలంగా, ముందు భాగం మామూలుగా ఉన్న బాక్సు అంటే అరలో ఎండకు ఉన్నదని అర్థం. కొనేటప్పుడు కూడా ఇది చూడండి.

మిర్యాలగూడ_ప్లేయర్2

చాలా మంచిగ చెప్పిండ్రు అన్నా, థ్యాంక్స్. రెండు ప్రశ్నలు మిగిలినయి. శాన్ ఆండ్రియాస్ కేసు మీద, స్టార్‌ట్రాపిక్స్ అట్ట మీద ధర స్టిక్కర్లు ఉన్నయి, నీలగిరి తైలంతో తీయొచ్చా? ఇంకోటి, స్టార్‌ట్రాపిక్స్ మాన్యువల్ల రెండు పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నయట. అమ్మేటాయన దాని బదులు కొత్తగ ప్రింటు కొట్టిన మాన్యువల్ ఇస్తానంటున్నడు. తీసుకోవాల్నా?

పాలమూరు_కార్ట్రిడ్జ్

రెండు స్టిక్కర్లకు పద్ధతి ఒకటి కాదు. పీఎస్2 కేసు ప్లాస్టిక్ కాబట్టి, ముందు లోపలి కవరు కాగితం, పుస్తకం, డిస్కు బయటికి తీసి, దాని మీద తైలం నడుస్తది. పది నిమిషాలు ఆగి వేలితో దొర్లిస్తే జిగురు ఉండలు కట్టి వస్తది, తర్వాత సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగ ఆరబెట్టు. అట్ట మీద మాత్రం నూనె చుక్క కూడా పడనీయకు. అట్టల ఇంకితే పారదర్శకమైన మరక పడుతది, అది పోదు. అట్టకు హెయిర్ డ్రైయర్ సన్నటి వేడి మీద, జానెడు దూరం నుంచి అర నిమిషం పెట్టి, ఒక మూల లేపి, కాగితానికి దాదాపు ఆనించి వెనక్కి మడిచినట్టు మెల్లగ లాగు. పైకి లాగితే అట్ట పొర లేస్తది. ఎక్కడన్న పట్టుకుంటే ఆపి మళ్లీ వేడి పెట్టు. అప్పటికీ రాకుంటే స్టిక్కర్ను అట్లనే ఉంచు. చిరిగిన అట్ట కంటే పాత షాపు స్టిక్కరున్న అట్ట వెయ్యి రెట్లు నయం.

కొత్త ప్రింటు మాన్యువల్ విషయంల నా మాట గట్టిగనే ఉంటది: అసలుదే తీసుకో, అతుక్కున్నా సరే. ప్రింటు కొట్టింది చదువుకోనీకి పనికొస్తది, సెట్టుల లెక్కకు రాదు. అది పెట్టి అమ్మేటాయన "కంప్లీట్" అని రాయొద్దు, "మాన్యువల్ రీప్రింట్" అని రాయాలె. నీ దగ్గర ఏదన్న రీప్రింట్ ఉంటే లోపలి అట్ట మూల మీద పెన్సిల్‌తో ఆ మాట రాసి పెట్టు. పదేండ్లకు అది ఇంకొకరి చేతికి పోతది, అప్పుడు చెప్పనీకి నువ్వు పక్కన ఉండవు.

దేవరకొండ_60పిన్

రీప్రింట్ మీద అన్నంత గట్టిగ నేను అనను. అసలు మాన్యువల్ నీళ్లల్ల నాని ముక్కలైన గేములు ఉన్నయి, వాటికి రీప్రింట్ పెట్టుకుని ఆడుకుంటే తప్పేంది? పేరు మాత్రం నిజం రాయాలె, అక్కడిదాకా ఒప్పుకుంట.

సూర్యాపేట_కాగితం

అతుక్కున్న పేజీలు ఏ కాగితమో ముందు కనుక్కోండి. మెరుపు లేని మామూలు కాగితమైతే ఆశ ఉంది. నున్నటి మెరుపు కాగితమైతే, తడిసి ఒకసారి అతుక్కుని ఎండాక పైపూత ఒకదానికొకటి కరుచుకుంటుంది, విడదీస్తే అక్షరాలు అవతలి పేజీకి వెళ్లిపోతాయి. అమ్మే ఆయన్ను ఎట్టి పరిస్థితిలోనూ విడదీయడానికి ప్రయత్నించొద్దని చెప్పండి. బలవంతంగా లాగిన మాన్యువల్ కంటే రెండు పేజీలు అతుక్కున్న మాన్యువల్ మేలు.

మామూలు కాగితమైతే ఇట్లా చేయండి. మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి గుడ్డ, దాని మీద జాలీ స్టాండు, ఆ స్టాండు మీద మాన్యువల్. నీళ్లు కాగితానికి తగలకూడదు, మూత నుంచి చుక్క కారకుండా పైన ఒక పొడి గుడ్డ అడ్డం పెట్టాలి. గంటకోసారి చూస్తుండండి. కాగితం మెత్తబడ్డాక మొద్దు అంచున్న పల్చటి ప్లాస్టిక్ పట్టీని మూల దగ్గర దూర్చి చూడండి, వస్తే వస్తుంది, తగులుకుంటే ఆపేయండి. తడిగుడ్డ మీద రాత్రంతా వదిలేస్తే బూజు పడుతుంది. పేజీలు విడివడ్డాక మధ్యలో బట్టర్ పేపర్, పైనా కిందా తెల్లటి బ్లాటింగ్ కాగితం, ఆపైన అద్దం పలక, రెండు మూడు కిలోల బరువు. బ్లాటింగ్ మొదటి రోజు రెండుసార్లు మార్చి, వారం కదపకండి. ఫ్యాను కింద ఆరబెట్టడం, ఎండలో పెట్టడం వద్దు, మళ్లీ అలలు తిరుగుతుంది.

చుట్టాలు తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఉత్తరాన్ని డబ్బాలోంచి తీసి, రెండు గట్టి అట్టల మధ్య, పాలీప్రొపిలీన్ కవర్లో పెట్టి చేతి సంచిలో తెమ్మనండి. డబ్బాను మాత్రం కొంచెం పెద్ద అట్టపెట్టెలో, చుట్టూ రెండు అంగుళాల బబుల్ ర్యాప్ ఉండేలా పెట్టాలి. బబుల్ బుడగల వైపు అట్టకు తగిలితే వేడికి గుండ్రటి అచ్చులు పడతాయి, అందుకే ముందు ఒక పొర మామూలు కాగితం చుట్టి తర్వాత బబుల్ చుట్టాలి. ఇంటికి వచ్చాక వెంటనే విప్పకండి. ఏసీ విమానం నుంచి మన వేడి గదిలోకి వస్తుంది కనుక, కవరు మూసే ఉంచి ఒక రాత్రి గది వేడికి అలవాటు పడనివ్వండి, ఆ తర్వాతే డబ్బా తెరవండి.